వృత్తి అన్న గడిలో ఏం రాయాలె?

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు మా తమ్ముడి పెళ్ళి బయోడేటా కొట్టించే పని నా మీద పడింది. జగిత్యాలలో ఒక జిరాక్స్ సెంటర్లో కూర్చున్నాం. డీటీపీ చేసే పిల్లగాడు చకచకా కొట్టుకుంటూ పోయాడు. పేరు, గోత్రం, నక్షత్రం, ఎత్తు, చదువు బీకాం కంప్యూటర్స్. అక్కడ ఆగి, "వృత్తి ఏం రాయాలె అన్నా?" అన్నాడు.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు ఫోన్లోకి చూశాడు. వ్యవసాయం అని రాద్దామంటే భూమి బాపు పేరు మీద ఉంది. పైగా ఆ మాట కనిపిస్తే కాగితం పక్కన పెట్టేస్తున్నారని సంబంధాలు చూసే పెద్దమనిషి ముందే చెప్పి పెట్టాడు. డ్రైవర్ అని రాస్తే అమ్మ ఒప్పుకోదు. బిజినెస్ అంటే ఏం బిజినెస్ అని అడుగుతారు. వెనకాల ఆధార్ జిరాక్స్‌కు వచ్చినవాళ్ళు గొణుగుతున్నారు. చివరికి ఆ పిల్లగాడే ఆస్తుల కింద "సొంత ట్రాక్టరు కలదు" అని కొట్టి, వృత్తి గడిలో చిన్న గీత పెట్టేశాడు.

"మస్తు మంది గిట్లనే పెట్టిస్తున్నరన్నా" అన్నాడు, మమ్మల్ని ఓదారుస్తున్నట్టు.

నేను ఉప్పల్‌లో ఉంటాను. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. పన్నెండేళ్ళుగా ఏటా ఒక రోజు బోర్డు మీద ప్రచ్ఛన్న నిరుద్యోగం అని రాస్తాను. నలుగురితో అయ్యే పొలం పని ఆరుగురు చేస్తుంటే, మిగిలిన ఇద్దరూ పొలంలో కనిపిస్తున్నా నిరుద్యోగులేనని చెప్తాను. పిల్లలు రాసుకుంటారు. ఆ ఉదాహరణలోని పొలం మాత్రం మా ఊళ్ళో నాకెక్కడా కనబడలేదు. మా ఊళ్ళో నలుగురు చేయాల్సిన పనికి ఒక్కడు దొరకడు. అదే ఊళ్ళో పొద్దున పదింటికి హోటల్ ముందు బెంచీల మీద డిగ్రీ చదివిన పోరగాళ్ళు ఆరేడుగురు కూర్చుని ఉంటారు. "ఖాళీగ ఉన్నరు" అని వాళ్ళ గురించి పెద్దవాళ్ళ మాట.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో నిజంగా ఖాళీగా ఉన్నది ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళంతా ఏడాదిలో ఎక్కువ రోజులు ఒళ్ళు వంచి పనిచేస్తున్నవాళ్ళే. వాళ్ళు చేసే పనికి పేరు లేదు. పెళ్ళి కాగితం మీద రాసుకునే పేరు ఎలాగూ లేదు. సర్కారు రిజిస్టర్లో, బ్యాంకు ఫారంలో, బీమా జాబితాలో ఉండాల్సిన పేరు కూడా లేదు. అదే పెద్ద నష్టమని నా అభిప్రాయం.

మా తమ్ముడి ఏడాది ఎలా ఉంటుందో చెప్తాను. మృగశిర కార్తెకు మొదలవుతుంది. జూన్‌లో రోటావేటర్. కాలువకు నీళ్ళు వదిలారంటే కేజ్‌వీల్స్ (బురదలో తిరిగే ఇనుప చక్రాలు) ఎక్కించి నాటుకు ముందు కరిగెట దున్నడం. అందరికీ ఒకే వారంలో ట్రాక్టరు కావాలి కాబట్టి రాత్రిపూట కూడా నడుస్తుంది. ఆగస్టులో తైవాన్ పంపు వీపుకు కట్టుకుని మందు కొట్టడానికి పోతాడు. సెప్టెంబర్‌లో పని పలచబడుతుంది, అప్పుడు హైదరాబాద్ వచ్చి నా దగ్గరే ఉండి నా బండి మీదనే బైక్ ట్యాక్సీ నడుపుతాడు. బతుకమ్మ పండుగకు తిరిగి వెళ్తాడు. అక్టోబర్ చివర నుంచి కోతలు. మిషన్ కోసి పోసిన వడ్లను కల్లానికి, అక్కడి నుంచి సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు తోలాలి. సెంటర్లో తేమ 17 శాతానికి దిగేదాకా కాంటా పెట్టరు. రైతు ఎండబోస్తాడు, రాత్రి పరదాలు కప్పుతాడు, పొద్దున మళ్ళీ తీస్తాడు. ట్రాక్టరువాడికి అది లెక్కలోకి రాని టైము. కాంటా ఎప్పుడైతే అప్పుడు వచ్చి నిలబడాలి. డిసెంబర్, జనవరిలో యాసంగి (రబీ) దున్నకాలు. ఫిబ్రవరి, మార్చి పసుపు కాలం: తవ్విన కొమ్ములను ఉడకబెట్టాలి, ఎండాక డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాలి, ఆ డ్రమ్మును తిప్పేదీ ట్రాక్టరే. ఏప్రిల్, మేలో మళ్ళీ కోతలు.

వాడి దగ్గర ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన పాకెట్ డైరీ ఒకటుంది. సీటు కింద టూల్ బాక్సులో పానాలతో పాటు పడి ఉంటుంది. గ్రీజు మరకలతో కొన్ని పేజీలు అంటుకుపోయాయి. సంక్రాంతికి ఓ రాత్రి దాన్ని ముందేసుకుని వాడు పనిచేసిన రోజులు లెక్కపెట్టాను. రెండొందల నలభై దాటాయి. ఆదివారాలు, పండుగలు తీసేస్తే మా కాలేజీలో నేను పనిచేసే రోజులు అంతకంటే తక్కువే. డైరీలో ప్రతి పేజీలో మూడు గళ్ళు: ఎవరికి, ఎన్ని గంటలు, ఇచ్చిండా లేదా. ఆ మూడో గడిలో ఎక్కువసార్లు కనిపించే మాట "ఉద్దెర". వడ్ల పైసలు పడ్డాక ఇస్తారు. డీజిల్ బంకువాడు ఉద్దెర పెట్టడు. ఫైనాన్స్ వాడి ఆర్నెల్ల కిస్తీ కూడా ఆగదు. ఊరంతటికీ ముందు పెట్టుబడి పెట్టేది మా తమ్ముడే, వడ్డీ లేకుండా. వాడు మాత్రం "ఖాళీగ ఉన్నడు".

ఈ పనంతా మా చిన్నప్పుడు లేదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో నీళ్ళు, నిధులు, నియామకాలు అని మూడు మాటలు గోడల నిండా ఉండేవి. మా వైపు వరకు నీళ్ళు వచ్చాయి. కాళేశ్వరం వల్ల వచ్చాయా, శ్రీరాంసాగర్ నిండటం వల్లనా అన్న పంచాయితీ పార్టీలకు వదిలేస్తున్నాను. 2018 జనవరి 1 నుంచి మోటార్లకు ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చింది. పడావు పడ్డ చెలకలు పొలాలయ్యాయి. 2014-15లో రాష్ట్రంలో సర్కారు కొన్న వడ్లు దాదాపు 24 లక్షల టన్నులు, 2020-21లో 141 లక్షల టన్నులు. ఆరేళ్ళలో దాదాపు ఆరింతలు. ఇంత పంటను దున్నిందెవరు, నాటిందెవరు, మోసిందెవరు అని లెక్క తీస్తే అందులో పట్టాదారు పాలు చాలా తక్కువ. దున్నింది మా తమ్ముడిలాంటివాళ్ళు. నాటిందీ మోసిందీ బీహారువాళ్ళు.

అవును, మా ఊళ్ళో ఇప్పుడు నాట్లు వేసేది బీహారు ముఠాలు. యాసంగికి పద్నాలుగు మంది వచ్చి పాత బడి గదిలో దిగారు. ఎకరానికి ఇంతని గుత్త. పొద్దున చీకటితోనే దిగి, మధ్యాహ్నానికి ఒక మడి, సాయంత్రానికి ఇంకొకటి పూర్తి చేస్తారు. మా వాళ్ళలో నాటు వేయగలిగిన ఆడవాళ్ళ గుంపు ఒక్కటే మిగిలింది, అందులో అందరికంటే చిన్నామెకు నలభై ఐదేళ్ళు. ఆ గుంపు దిగిన మడిలో ఇంకా పాట వినిపిస్తుంది. బీహారువాళ్ళు దిగిన మడిలో ఫోన్ మోగుతూ ఉంటుంది. మా దగ్గర నాటు ఆడవాళ్ళ పని, మగవాడు ముట్టడు. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు మాత్రం అందరూ మగపిల్లలే.

వాళ్ళలో ఒకడితో గట్టు మీద మాట్లాడాను. పూర్ణియా జిల్లా వాడు, పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ తప్పాడట. మీ ఊళ్ళోనూ వరి ఉంటుంది కదా, అక్కడ నాట్లకు పోవా అంటే నవ్వాడు. అక్కడ అందరూ మా నాన్నను ఎరుగుదురు, ఇంకొకరి పొలంలో కూలికి దిగితే ఇంటికి చెడ్డపేరు, ఇక్కడ నన్ను ఎరిగినవాడెవడు అన్నాడు. వాడి మాటకు నేనేం ఆశ్చర్యపోలేదు. మా మేనమామ కొడుకు దుబాయ్‌లో (మా వైపు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయ్ పోయిండనే అంటారు) ఒక క్యాంపులో గిన్నెలు కడిగాడు నాలుగేళ్ళు. ఊళ్ళో ఆ పని చేయమంటే నరికేస్తాడు. ఊరి పొలిమేర దాటితే పనికి అంటుకున్న కులం రాలిపోతుంది. అందుకే పూర్ణియా పిల్లగాడు మెట్‌పల్లి వైపు వస్తాడు, మెట్‌పల్లి పిల్లగాడు షార్జా పోతాడు. "మనోళ్ళకు బద్ధకం పెరిగింది, బీహారోళ్ళు కష్టజీవులు" అని కారులో వచ్చిపోయే పెద్దమనుషులు చెప్పేది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. బద్ధకమైతే పొలిమేర దాటగానే పోదు.

2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్ళిన రైలు చాలామందికి గుర్తుంది. లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చిన శ్రామిక్ రైళ్ళలో దేశంలోనే మొదటిది అది. సరిగ్గా వారానికి బీహారులోని ఖగడియా నుంచి అదే లింగంపల్లికి రెండొందల మంది పైచిలుకు కూలీలతో వచ్చిన రైలు ఎంతమందికి గుర్తుంది? మన రైసు మిల్లుల్లో బస్తాలు మోయడానికి పిలిపించినవాళ్ళు వాళ్ళు. దేశమంతా ఇంటిముఖం పట్టిన ఆ రోజుల్లోనే, వడ్లు ఆగకుండా ఉండాలంటే వాళ్ళే దిక్కని తేలిపోయింది.

మరి మా ఊళ్ళో పేరున్న యువకుడు ఎవరు? మా చిన్నాయన కొడుకు. వాడు అభ్యర్థి. చిక్కడపల్లి లైబ్రరీకి నడిచే దూరంలో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటాడు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 ప్రకటన పడ్డప్పుడు 3 లక్షల 80 వేల మంది దరఖాస్తు చేశారు, వాళ్ళలో వీడొకడు. ప్రిలిమ్స్ అదే ఏడు అక్టోబర్ 16న రాశాడు, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ రాశాడు, అదీ కోర్టులో పోయింది. ఆ ప్రకటననే ఎత్తేసి 563 పోస్టులతో ఇంకొకటి ఇచ్చాక 2024 జూన్ 9న మూడోసారి రాశాడు. మధ్యలో గ్రూప్-4 కూడా, 8 వేల పైచిలుకు పోస్టులకు 9 లక్షల 50 వేల మంది. ఇరవై నాలుగేళ్ళప్పుడు గదిలో చేరినవాడికి ఇప్పుడు గడ్డంలో తెల్లవెంట్రుక కనిపిస్తోంది.

వాడి కష్టం తక్కువని నేననను. కానీ వాడికొక పేరుంది. నిరుద్యోగి అంటే అన్ని పార్టీలకూ తెలుసు. 2018 ఎన్నికల్లో నెలకు 3,016 రూపాయల భృతి అన్నది వాడికే, 2023లో 4,000 అన్నది వాడికే. వాడి బాధ మీద ధర్నా చౌక్‌లో సభ పెట్టొచ్చు, టీవీలో గంటసేపు చర్చ పెట్టొచ్చు. మా తమ్ముడి గురించి సభ పెట్టాలంటే బ్యానర్ మీద ఏమని రాస్తారు? పెళ్ళి సంబంధాల్లో కూడా ఆ అభ్యర్థికే విలువ. "గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నడు" అంటే అమ్మాయి వాళ్ళు ఇంకో ఏడాది చూద్దామంటారు. రెండొందల నలభై రోజులు పనిచేసినవాడి కాగితం మాత్రం తిరిగొస్తుంది. ఆడపిల్ల తండ్రులను తప్పుపట్టలేం. వాళ్ళు అడుగుతున్నది భూమి ఉన్న అల్లుడినే, కాని ఆ భూమిలో దిగని అల్లుడిని. మట్టిలో దిగేవాడి చేతికి పైసలు ఎప్పుడు వస్తాయో, వాడికేదన్నా అయితే బిడ్డకు దిక్కెవరో వాళ్ళ కళ్ళముందే చూశారు.

లెక్కల సంగతి కొంచెం చెప్పాలి, ఇది నా సబ్జెక్టు కూడా. 2023-24 కార్మిక శక్తి సర్వే ప్రకారం దేశంలో నిరుద్యోగం 3.2 శాతం. 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళలో 10.2 శాతం. ఆ సర్వేలో సాధారణ స్థితి అనే కొలత ఒకటుంది. ఏడాదిలో 30 రోజులు ఏదో ఒక పని చేసినా ఉపాధి ఉన్నవాడి కిందే లెక్క. కాబట్టి మా తమ్ముడు నిరుద్యోగి కాడు, వాడికి ఉపాధి ఉంది. చిన్నాయన కొడుకు మాత్రం 10.2లో ఒకడు. ఇంకో అంకె ఉంది. దేశంలో పనిచేసేవాళ్ళలో వ్యవసాయం మీద ఉన్నవాళ్ళు 2018-19లో 42.5 శాతం, 2023-24కు 46.1 శాతం. తగ్గాల్సిన అంకె పెరిగింది. కరోనాలో ఊరికి వచ్చినవాళ్ళు మళ్ళీ పోలేదని, యువత సాగుబాట పట్టిందని దీన్ని పేపర్లలో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. మా ఊళ్ళో నాకు కనిపించింది వేరు. తిరిగొచ్చినవాళ్ళు నాగలి పట్టలేదు, కౌలుకు భూమీ తీసుకోలేదు. ట్రాక్టరు సీటు ఎక్కారు, జేసీబీ ఎక్కారు, మందు కొట్టే డ్రోన్ నేర్చుకున్నారు. సాగుకు కావాల్సిన పనులను కిరాయికి చేసిపెట్టే ఒక కొత్త జీవనం పుట్టింది. సర్వే ఫారంలో అది కూడా వ్యవసాయం అనే పడుతుందేమో కానీ, మా రాష్ట్రంలో సర్కారు దృష్టిలో రైతు అంటే పాసుపుస్తకం ఉన్నవాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నా పెళ్ళప్పుడు అమ్మాయి వాళ్ళు అడిగారని బాపు ఎకరం ముప్పై గుంటలు నా పేరు మీద చేయించాడు. తమ్ముడు అప్పుడు డిగ్రీలో ఉన్నాడు, వాడి వంతు తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. ఎకరానికి ఆరు వేల చొప్పున సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, రైతుభరోసా 10,500 నా ఖాతాలో పడుతుంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కుతుంటే మెసేజ్ వస్తుంది. ఆ పొలం నేను ఒక్క సాలు కూడా దున్నలేదు. దున్నేది వాడు. రైతుబీమా కూడా నాకే ఉంది. 2018 ఆగస్టు 15 నుంచి, 18 నుంచి 59 ఏళ్ళలోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా ఇంటివాళ్ళకు 5 లక్షలు. రేపు ఉప్పల్‌లో నా గుండె ఆగితే నేను రైతును. అదే పొలంలో ట్రాక్టరు కింద పడి మా తమ్ముడు పోతే వాడు ఎవరూ కాదు. బాపుకు అరవై రెండు దాటాయి, ఆయన పేరు మీద ఉన్న భూమికి కూడా బీమా లేదు.

ఊహించి చెప్తున్నది కాదు. రెండేళ్ళ కింద మా పక్కూళ్ళో ఇదే జరిగింది. రాత్రి పదకొండు దాటాక, కేజ్‌వీల్స్ బురదలో దిగబడితే పైకి లాగబోయాడు. ముందు భాగం లేచి వెనక్కి తిరగబడింది. ఇరవై ఆరేళ్ళ పిల్లగాడు. కిరాయి డ్రైవరు, భూమి తండ్రి పేరు మీద. చెప్పులు గట్టు మీద పక్కపక్కనే విడిచిపెట్టి ఉన్నాయని, బురదలోకి దిగేటప్పుడు అట్లాగే విడిచేవాడని వాళ్ళ అన్న చెప్పాడు. పెద్దమనుషులు కూర్చుని ట్రాక్టరు యజమానితో కొంత ఇప్పించారు. ఆ యజమాని కూడా కిస్తీల మీద ట్రాక్టరు నడిపేవాడే, మా తమ్ముడిలాంటివాడే. దాని కోసం వాడు పసుపు ముందే అమ్ముకున్నాడు.

మన దగ్గర చావు డబ్బు కూడా పేరును బట్టే వస్తుంది. పట్టాదారు పోతే రైతుబీమా. చేనేత కార్మికుడికి 2022 నుంచి నేతన్న బీమా, అది కూడా 5 లక్షలే. గల్ఫ్‌లో చనిపోయినవాడి కుటుంబానికి 5 లక్షలు. తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికుడికి ఉంది. నగరంలో పార్సిళ్ళు అందించే పిల్లలకు కూడా ప్రమాద బీమా అని ప్రకటించారు. ఇవన్నీ ఉండాల్సినవే, ఒక్కోదాని వెనకా ఎవరో కొట్లాడి ఉంటారు. విచిత్రం ఏంటంటే మా తమ్ముడు సెప్టెంబర్‌లో హైదరాబాద్ వచ్చి బండి నడిపే నెల రోజులూ ఏదో ఒక జాబితాకు దగ్గరగా ఉంటాడు. ఊరికి పోయి ట్రాక్టరు ఎక్కగానే అన్ని జాబితాల్లోంచీ రాలిపోతాడు. అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు ఉంది కదా అంటారు. ఉంది. 2021లో తీశారు, లామినేషన్ కూడా చేయించాడు. దాంతో ఇప్పటిదాకా వాడికి పడ్డ పని, ఓసారి సెల్‌ఫోన్ దుకాణంలో గుర్తింపుగా చూపించడం.

మా ఇంట్లో పేరున్న కార్మికురాలు ఒకరున్నారు. మా అమ్మ. ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టింది. పొద్దున అన్నం వండి మమ్మల్ని బడికి తోలి, చాట ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. రాత్రి నానబెట్టిన తునికాకును కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేది. ఆమె వేళ్ళు మాటలతో పాటే కదిలేవి, చేతుల వైపు చూసేది కాదు. సాయంత్రం కార్ఖానాకు కట్టలు తీసుకుపోతే అక్కడ సగం ఏరి పారేసి మిగతావే లెక్క రాసుకునేవాళ్ళు. ఆ పని గొప్పదని కాదు. ఆమె దగ్గు ఇప్పటికీ పోలేదు. కానీ ఆమెకు పీఎఫ్ నంబరు ఉంది. ఆ నంబరు చూపించే నెలకు 2,016 రూపాయల బీడీ పింఛను తెచ్చుకుంటోంది.

అరుగు మీద కూర్చుని పనిచేసే ఆడమనిషికి పీఎఫ్ ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే రాలేదు. 1966లో బీడీ కార్మికులకంటూ ఒక చట్టం వచ్చింది. 1976లో బీడీల మీద సెస్సు వేసి సంక్షేమ నిధి పెట్టారు. 1977లో పీఎఫ్‌ను బీడీ పరిశ్రమకు వర్తింపజేస్తే, ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళు మా ఉద్యోగులే కాదని యజమానులు కోర్టుకు పోయారు. 1985లో సుప్రీంకోర్టు వాళ్ళూ ఉద్యోగులేనని తేల్చింది. పని ఎక్కడ కూర్చుని చేస్తే ఏం, సరుకు బాగుందా లేదా అని ఏరి పారేసే అధికారం నీ చేతిలో ఉన్నప్పుడు ఆమె నీ మనిషే అన్నది అందులోని తర్కం. అంటే, చదువుకోని ఆడవాళ్ళు ఇంట్లోనే ఉండి, ముక్క లెక్కన చేసే పనికి యాభై ఏళ్ళ కింద ఈ దేశం ఒక పేరు పెట్టగలిగింది. వాళ్ళ కొడుకు, బీకాం చదివినవాడు, బహిరంగంగా, అందరూ చూస్తుండగా, రిజిస్ట్రేషన్ నంబరున్న బండి మీద చేసే పనికి పెట్టలేకపోతోంది.

ట్రాక్టరువాడికి యజమాని ఎవరు, ఎవరి దగ్గర వసూలు చేస్తావు అని మా స్టాఫ్ రూంలో ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వాడికి ఒక యజమాని లేడు, ఏడాదికి అరవై మంది ఉంటారు. కానీ ఆ అరవై మంది వడ్లూ చివరికి చేరేది ఒకే కాంటా దగ్గరికి. 141 లక్షల టన్నులంటే 14 కోట్ల 10 లక్షల క్వింటాళ్ళు. క్వింటాలుకు ఒక్క రూపాయి పక్కన పెడితే 14 కోట్లు దాటుతుంది. కేంద్రం ఇచ్చే సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో పోయినవాడి ఇంటికి 2 లక్షలు వస్తాయి. ఆ లెక్కన రాష్ట్రంలో దున్నేవాళ్ళు, కోసేవాళ్ళు, మోసేవాళ్ళు, ఆ బీహారు పిల్లలతో సహా అందరికీ కట్టినా నిధిలో ఇంకా మిగులుతుంది. ఇది పూర్తి పథకం అని నేననడం లేదు. డబ్బు లేక ఆగిన పని మాత్రం కాదిది. ఎవరికి కట్టాలో రాసుకున్న పుస్తకం లేక ఆగింది.

పుస్తకం రాస్తే సరిపోతుందా అంటే అదీ అనుమానమే. కౌలు రైతుల కోసం 2011లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేసి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. మా ఊళ్ళో ఆ కార్డు ఉన్నవాళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళు. బ్యాంకు మెట్లు దిగేటప్పుడు కూడా కార్డు వాళ్ళ చేతుల్లోనే ఉంది, అప్పు మాత్రం పుట్టలేదు. పేరు పెట్టి ఊరుకుంటే అది మరో లామినేషన్ కాగితమవుతుంది. పేరు వెనకాల కట్టి తీరాల్సిన పైసా ఉండాలి, బీడీ సెస్సు లాగా. ఆ సెస్సునూ జీఎస్టీ వచ్చినప్పుడు 2017లో తీసేశారు, అది వేరే ఏడుపు.

ఇంకో మాట కూడా అంటారు: ఈ వరి ఎన్నాళ్ళు, సర్కారు కొన్నన్నాళ్ళే కదా, ఆ తర్వాత మీ ట్రాక్టర్లు ఏం చేస్తాయి, ఇప్పుడే వేరే నైపుణ్యం నేర్పించి పట్నం పంపడం మేలు అని. ఇందులో మొదటి సగం నిజం. మా తమ్ముడు ట్రాక్టరు కొన్నది 2021 వేసవిలో. ఆ ఏడాది చివర ఉప్పుడు బియ్యం కేంద్రం తీసుకోదని తేలి, యాసంగిలో కొనుగోలు కేంద్రాలు ఉండవు, వరి వేయొద్దని రాష్ట్రం చెప్పింది. సగం పొలాలు బీడుపడ్డాయి. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ కొంటామన్నారు, కాని దున్నే కాలం అప్పటికే దాటిపోయింది. వరి వేయనివాడికి పెట్టుబడి మిగిలింది. ట్రాక్టరుకు కిస్తీ మిగిలింది. ఆ మూడు నెలలు రైతుల గురించి ఢిల్లీ దాకా మాట్లాడారు, కిస్తీ గురించి మాట్లాడింది అమ్మ ఒక్కతే, పొదుపు సంఘంలో అప్పు పెట్టి కట్టింది. రెండో సగం మాత్రం నేనొప్పుకోను. నైపుణ్య శిక్షణ అని మా ఊరి నుంచి పోయిన ఐదుగురిలో నలుగురు ఆరు నెలల్లోపు తిరిగొచ్చారు. జీతం గది కిరాయికి, తిండికి సరిపోయింది, ఇంటికి పంపడానికి ఏమీ మిగల్లేదు. పని చేతకాక తిరిగొచ్చినవాళ్ళు కారు వాళ్ళు. తిరిగొచ్చినవాళ్ళలో ఒకడు ఇప్పుడు మూడు మండలాల్లో హార్వెస్టర్ ఇంజన్ విప్పి బిగించే మెకానిక్. ఏ సెంటర్లోనూ నేర్పని పని అది, వాడు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. 2025లో స్వయం ఉపాధి రుణాలకు రాజీవ్ యువ వికాసం అని దరఖాస్తులు పిలిస్తే 16 లక్షల మందికి పైగా పెట్టుకున్నారు. ఇంతమంది సొంత పని చేసుకుంటామంటున్నప్పుడు పట్నం పంపిద్దాం అనేవాళ్ళు ఎవరి మాట విని అంటున్నారో నాకు తెలియదు.

బయోడేటా సంగతి చెప్పలేదు కదా. పదిహేను కాపీలు తీశాం. ఒక సంబంధం మాటల దాకా వచ్చి, "పిల్లగాడు హైదరాబాద్‌లో ఏమన్న చూసుకుంటడా" దగ్గర ఆగింది. అమ్మ సరే అందామంది, వాడు ససేమిరా అన్నాడు. "ట్రాక్టరును తీస్కపోయి ఉప్పల్‌ల కట్టేయాల్నా?" అన్నాడు.

జూన్ మొదటి వారంలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. వెనకాల ఇంజను చప్పుడు. సురక్షా బీమాకు పోయినేడు వాడితో నేనే బ్యాంకులో ఫారం నింపించాను, ఏటా ఆ 20 రూపాయలు ఖాతా నుంచి వాటంతటవే కట్ అవుతాయి. ఈసారి కాలేదని మెసేజ్ వచ్చిందట. మే నెలాఖరున ట్రాక్టరు కిస్తీ పోయి ఖాతాలో పదకొండు రూపాయలే మిగిలాయి, వడ్ల పైసలు పడనివాళ్ళు ఇంకా ఉద్దెరలోనే ఉన్నారు.

"నీకు యాదికుంటే ఓ వంద కొట్టకపోదువా అన్నా" అన్నాడు, కోపం లేకుండానే.

ఆ వానాకాలం రైతుభరోసా నా ఖాతాలో పడ్డప్పుడు మాత్రం నాకు మెసేజ్ సరిగ్గానే వచ్చింది.